కొండనాలుకకు మందు

సంక్రాంతికి వచ్చిన మా అమ్మాయి, పండుగ హడావుడి తగ్గిన మరునాడు, నా ముందు ఒక కాగితాల కట్ట పెట్టి కూర్చున్నది. ఏడేళ్ల మా మనుమడికి మాటిమాటికీ గొంతు వాచి జ్వరం వస్తున్నది. హైదరాబాదులో చూపిస్తున్నారు. ఈలోగా బంధువులెవరో "ఇప్పుడు టాన్సిళ్లు రోబోతో కూడా తీసేస్తున్నారట, నొప్పే ఉండదట" అని చెప్పారట. "నాన్నా, తీయించమంటారా? రోబో అయితే మంచిదేనా?" అని అడిగింది.

నేను తెలుగు పండితుణ్ణి, వైద్యుణ్ణి కాను. ఇటువంటి ప్రశ్నలు ఎదురైనప్పుడు తప్పుకోవడానికి నా దగ్గర ఒక సామెత ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. "కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందట." ఈసారి అది పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చివర మనవి చేస్తాను. "రెండు రోజులు గడువియ్యి తల్లీ" అని చెప్పి, నాకు చేతనైన పని మొదలుపెట్టాను. అంటే పుస్తకాలు తిరగవేయడం. అలా చదివిన సంగతులు మిత్రులతో పంచుకుందామని ఈ వ్యాసం.

మా చిన్నతనంలో, 1960ల చివరి రోజుల్లో, బంటుమిల్లి చుట్టుపక్కల పల్లెల్లో పిల్లవాడు పొడిదగ్గు దగ్గితే పెద్దల నోట మొదట వచ్చే మాట "కొండనాలుక దిగింది". దానిని ఎత్తడానికి చేయి తిరిగిన ముసలమ్మ వాడకొకతె ఉండేది. ఉప్పు, మిరియాల పొడి వేలికి అద్దుకొని, పిల్లవాణ్ణి మోకాళ్ల నడుమ బిగించి, గొంతులోకి వేలు పోనిచ్చి కొండనాలుకను పైకి నొక్కేది. అది చాలదనుకుంటే నడినెత్తి జుట్టు గుప్పిట పట్టి పైకి గుంజేది. ఈ రెండూ అనుభవించినవాణ్ణి గనుక కళ్ల నీళ్లు ఎంత వేడిగా ఉంటాయో నాకు తెలుసు. నొప్పి నిజానికి కొండనాలుకది కాదని, దానికి ఇరుప్రక్కలా ఉన్న టాన్సిళ్లదని అప్పుడు మాకెవ్వరికీ తెలియదు. మా భాషలో టాన్సిలుకు విడిగా పేరే లేదు. గొంతులో ఏది వాచినా నింద కొండనాలుకదే.

సంస్కృత వైద్య గ్రంథాలు మాత్రం ఈ రెండింటినీ వేరు చేసి చూశాయి. భాషాప్రవీణ చదివే రోజుల్లో సుశ్రుత సంహితను శబ్దార్థాల కోసం తిరగవేశాను గాని, విషయం కోసం చదివింది ఇప్పుడే. కొండనాలుక వాచి సాగితే దానికి గలశుండిక అని పేరు. శుండ అంటే ఏనుగు తొండం. గొంతులో వేలాడే చిన్న తొండమన్నమాట. రెండవది తుండికేరి. తుండికేరి అంటే అడవిప్రత్తి కాయ. ఆ కాయ ఆకారంలో ఉబ్బి, పోటుతో, మంటతో పక్వానికి వచ్చే వాపు అది. నేటి పండితులు టాన్సిళ్ల వాపును దీనితోనే పోల్చుతున్నారు. సుశ్రుతుడు దీనిని తాలురోగాలలో చేర్చగా, తరువాతి వాగ్భటుడు కంఠరోగాలలో చేర్చినాడు.

గలశుండికకు సుశ్రుతుడు చెప్పిన చికిత్స కోత. దానిని బొటనవేలితో, పక్క వేలితో పట్టి, నాలుక మీదికి లాగి, మండలాగ్రమనే గుండ్రటి మొన గల కత్తితో కోయాలి. ఇక్కడ ఆయన చేసిన హెచ్చరిక నన్ను ఆపివేసింది. ఎక్కువ కోయరాదు, తక్కువ కోయరాదు అన్నాడు. ఎక్కువ కోస్తే నెత్తురు ఆగక రోగి చనిపోతాడు. తక్కువ కోస్తే వాపు, నోట నీరూరడం, తల తిరగడం, కళ్లు చీకట్లు కమ్మడం కలుగుతాయి. కోసిన చోట మిరియాలు, అతివస, వస మొదలైన వాటి చూర్ణాన్ని తేనెతో, ఉప్పుతో కలిపి రుద్దమన్నాడు. మా ముసలమ్మ వేలికి అద్దుకొన్న ఉప్పు, మిరియాలు నాకు వెంటనే గుర్తుకు వచ్చాయి. శాస్త్రంలో కత్తి మరుగున పడి, మందు మాత్రం పల్లెల్లో మిగిలిందేమో అనిపించింది. ఇది నా ఊహ మాత్రమే. తుండికేరికి కూడా ఇదే విధానమని, శస్త్రకర్మలో మాత్రమే విశేషముంటుందని ఆయన ముగించినాడు.

పడమటి దేశాల సంగతి చూద్దాం. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమను రచయిత సెల్సస్, గట్టిపడిన టాన్సిళ్లను వేలితో చుట్టూ గీరి ఊడదీయవచ్చునని, అలా రాకపోతే కొక్కెంతో పట్టి కత్తితో కోయాలని వ్రాసినాడు. తరువాత చాలా శతాబ్దాల పాటు ఈ పనికి పూనుకొన్నవారు తక్కువ. మత్తుమందు లేదు, చీకటి గొంతులోకి చూచే దీపం లేదు, నెత్తురు కారితే అది పోయేది ఊపిరి గొట్టంలోకే.

1828లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఫిలిప్ సింగ్ ఫిజిక్ అనే శస్త్రవైద్యుడు ఒక పరికరాన్ని తయారుచేసినాడు. అంతకు ముందు ఆయన టాన్సిలు మొదట్లో తీగ బిగించి అది తనంతట రాలిపోయేదాకా ఉంచేవాడు. రోగికి అది గంటల తరబడి నరకం. అందుచేత అప్పటికే వాడుకలో ఉన్న మరొక పనిముట్టును తీసుకొని, టాన్సిలుకు సరిపడేటట్టు మార్చినాడు. ఆ పాత పనిముట్టు దేనిని కోయడానికో తెలుసునా? కొండనాలుకను! మన సామెతలోని కొండనాలుకే టాన్సిళ్ల కోతకు దారి చూపిందన్నమాట. ఒక కన్నం, అందులో జారే ఒక కత్తి. టాన్సిలును కన్నంలో ఇరికించి కత్తిని నెడితే క్షణంలో తెగిపడుతుంది. ఈథరు మత్తు 1846లో గాని రాలేదు కాబట్టి, ఆ క్షణమే రోగికి ప్రాణం. తరువాత లండనులో మోరెల్ మెకంజీ దానిని సవరించి ప్రచారంలోకి తెచ్చినాడు.

ఈ పరికరం టాన్సిలులో పైకి కనబడే భాగాన్నే కోసేది. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి మొత్తంగా పెకలించడం మొదలైంది. దానికి తోడు ఒక సిద్ధాంతం బయలుదేరింది. కీళ్లనొప్పులు మొదలు నీరసం దాకా ఒంట్లోని సకల బాధలకూ గొంతులోనో పళ్లలోనో దాగిన చీము మూలమని వాదించారు. ఇక టాన్సిలు కనబడితే చాలు, తీసివేయడమే. బడిపిల్లలకు ఇది దాదాపు ఒక సంస్కారమైపోయింది.

ఉపాధ్యాయుడిగా నన్ను నిలువునా కదిలించిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 1934లో అమెరికన్ చైల్డ్ హెల్త్ అసోసియేషన్ న్యూయార్కులో పదకొండేళ్ల బడిపిల్లలను వేయిమందిని పరీక్షింపజేసింది. వారిలో 611 మందికి అప్పటికే టాన్సిళ్లు తీసివేసి ఉన్నారు. మిగిలిన 389 మందిని వైద్యులు చూచి 174 మందికి ఆపరేషను అవసరమన్నారు. అవసరం లేదన్న 215 మందిని వేరే వైద్యులకు చూపితే, వారిలో 99 మందికి కావాలన్నారు. మిగిలిన 116 మందిని మరికొందరికి చూపితే ఇంకొక 51 మందికి కావాలన్నారు. చివరికి మిగిలినవారు 65 మంది. ప్రతిసారీ సుమారు సగం మంది! ఇందులో వైద్యులెవరూ మోసగాళ్లు కారు. గొంతును చూచి సగం మందికి తీయాలన్నది వారి మనస్సులో ముందే పడిపోయిన అలవాటు. తరగతిలో సగం మందైనా తప్పాలి అని ముందే అనుకొని జవాబు పత్రాలు దిద్దే మాస్టారుకూ వారికీ భేదమేముంది?

1938లో ఇంగ్లండులో అలిసన్ గ్లోవర్ అనే ఆరోగ్యాధికారి బడిపిల్లల ఆపరేషన్ల లెక్కలు బయటపెట్టినాడు. ఒక ఊరికీ పక్క ఊరికీ పొంతన లేదు. కలవారి పిల్లలకు ఎక్కువ, పేదల పిల్లలకు తక్కువ. ఒకచోట బడి వైద్యాధికారి మారగానే ఆపరేషన్ల సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది, పిల్లలకు మాత్రం ఏ చెరుపూ జరగలేదు. పోలియో ప్రబలే కాలంలో టాన్సిళ్లు తీయించుకొన్న పిల్లలకు మెదడు కాండానికి సోకే భయంకరమైన పోలియో వచ్చే ప్రమాదం ఎక్కువని కూడా 1940లలో తేలింది. అనవసరపు కోత అంటే ఉత్త ఖర్చు కాదు, ఒక్కొక్కప్పుడు ప్రాణం.

ఇంతలో మందులు మారినాయి. పెనిసిలిన్ 1940లలో అందరికీ అందుబాటులోకి వచ్చింది. మన దేశంలో పింప్రిలోని హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ సంస్థ 1954లో ఏర్పడింది. ఆ యుగపు మరొక మందు ఆరియోమైసిన్‌ను వెలువరించిన అమెరికా ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించినవారు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టినారు. మాకు కొల్లేటి కవతలి ఊరే. పశ్చిమ వైద్యం మా బందరుకు కొత్త కాదు. భోగరాజు పట్టాభిసీతారామయ్య గారు కాంగ్రెసు నాయకుడుగా పేరు పొందక ముందు బందరులో వైద్యవృత్తి చేసినవారే. అయినా 1960లలో మా పల్లెలకు ఆ వైద్యం చేరలేదు, ముసలమ్మ వేలే చేరింది. ఒకే కాలంలో ఒక లోకం అతిగా కోసింది, మరొక లోకానికి అసలు మందే అందలేదు.

మరి ఎవరికి కోయాలి? ఈ ప్రశ్నకు ఊహతో కాక లెక్కతో జవాబు చెప్పినవాడు పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రి వైద్యుడు జాక్ పారడైజ్. ఆయన బృందం ఏళ్ల తరబడి చేసిన పరిశీలన 1984లో వెలువడింది. ఆ లెక్క సులువు. ఒక్క ఏడాదిలో 7 సార్లు, లేదా వరుసగా రెండేళ్లు ఏడాదికి 5 సార్లు చొప్పున, లేదా వరుసగా మూడేళ్లు ఏడాదికి 3 సార్లు చొప్పున గొంతు చెడి ఉండాలి. ప్రతిసారీ జ్వరమో, మెడలో బిళ్ల కట్టడమో, టాన్సిలు మీద తెల్లని పూతో, స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి ఉన్నట్టు పరీక్షో ఉండాలి. "తరచు వస్తూనే ఉంటుంది" అన్న జ్ఞాపకం చాలదు, వ్రాసిపెట్టిన లెక్క కావాలి. అటువంటి పిల్లలకు ఆపరేషను మేలు చేసింది. అంతకన్నా గమనించవలసినది మరొకటి ఉన్నది. ఆపరేషను చేయని పిల్లలలో కూడా చాలామందికి కాలం గడిచేకొద్దీ బాధ తగ్గింది. అమెరికా గొంతు వైద్యుల సంఘం ఈనాటికీ ఆ లెక్కనే ప్రమాణంగా ఉంచుకొన్నది. పెద్దవారి మాట వేరు. 2023లో బ్రిటనులో వెలువడిన ఒక పరిశీలనలో, ఆపరేషను చేయించుకొన్న పెద్దలు రెండేళ్లలో గొంతునొప్పితో గడిపిన రోజులు 23, చేయించుకోనివారు 30. మేలు ఉన్నది, ఇంద్రజాలం లేదు.

ఇక రోబో. ఈ మాట పుట్టిల్లు చెక్ దేశం. 1920లో కారెల్ చాపెక్ వ్రాసిన నాటకం నుంచి లోకమంతా పాకింది. మూలమైన రొబోత అన్న మాటకు వెట్టిచాకిరి అని అర్థం. అర్థం తెలిస్తే భయమూ తగ్గుతుంది, భ్రమా తగ్గుతుంది. ఈ యంత్రం తనంతట తాను కోయదు. శస్త్రవైద్యుడు కొంచెం దూరంలో కూర్చొని, పెద్దదిగా, లోతు తెలిసేటట్టు కనబడే బొమ్మను చూస్తూ చేతులు ఆడిస్తే, రోగి నోటిలోని సన్నని ఉక్కు చేతులు అవే కదలికలను చిన్నవిగా చేసి చూపుతాయి. అచ్చంగా వెట్టివాడే.

డావిన్సీ అనే ఈ యంత్రానికి అమెరికాలో 2000లో అనుమతి వచ్చింది. నోటి దారిన గొంతులో వాడే పద్ధతిని పెంపొందించినవారు గ్రెగరీ వైన్‌స్టీన్, బర్ట్ ఒమాలీ. దానికి 2009 డిసెంబరులో అనుమతి లభించింది. వారిద్దరూ పనిచేసినది పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో. అది ఉన్నది ఫిలడెల్ఫియాలో. 1828లో ఫిజిక్ కత్తి జారిన ఊరు, ఆయన ఆచార్యత్వం చేసిన విశ్వవిద్యాలయం! లెక్క చెప్పిన పిట్స్‌బర్గ్ కూడా ఆ రాష్ట్రంలోనిదే.

అయితే రోబో వచ్చినది ఏడేళ్ల పిల్లవాడి మామూలు టాన్సిళ్ల కోసం కాదు. టాన్సిలులో, నాలుక మొదట్లో పుట్టే కేన్సరు గడ్డల కోసం. అక్కడికి చేరడానికి పూర్వం పెదవిని, దవడ ఎముకను చీల్చి తెరవవలసి వచ్చేది. తరువాత మనిషి ముఖం మారిపోయేది, మింగడం, మాట్లాడడం కష్టమయ్యేది. రోబో చేతులు ముఖాన్ని చీల్చకుండా ఆ మూలకు పోగలవు. నాలుక మొదలు అడ్డుపడి నిద్రలో ఊపిరి ఆగిపోయేవారికి కూడా కొందరు వైద్యులు వాడుతున్నారు. లంక పొగాకు చుట్టలు కాల్చిన తరాలు గల మన ప్రాంతానికి ఇది చిన్న వరం కాదు. హైదరాబాదులో ప్రభుత్వ రంగంలోని నిమ్స్‌కు కూడా 2023లో శస్త్రచికిత్స రోబో వచ్చింది. కాని పిల్లవాడి మామూలు టాన్సిళ్లు నోరు తెరిస్తే ఎదురుగా కనబడేవే. వాటికి రోబో అవసరం లేదు. మామూలు పద్ధతిలో అరగంట పని. ఏ పద్ధతిలో తీసినా గొంతు పుండు మానేదాకా నొప్పి ఉంటుంది, వారం పదిరోజుల లోపల మళ్లీ నెత్తురు కారే ప్రమాదమూ కొంత ఉంటుంది. సుశ్రుతుడు భయపడిన నెత్తురు ఇంకా మనల్ని వదలలేదు.

ఇప్పుడు నా సామెత సంగతి.

1990ల మొదట్లో నేను పనిచేసిన ఒక ఊళ్లో తొమ్మిదో తరగతి చదివే ఆడపిల్ల ఒకతె ఉండేది. పద్యం చదివితే తరగతి నిశ్శబ్దమయ్యేది. ఆ పిల్లకు నెలా రెండు నెలలకొకసారి గొంతు పూడిపోయేది, జ్వరం వచ్చేది, బడి మానేది. ఒకనాడు తండ్రి వచ్చి, "మాస్టారూ, టౌనులో చూపించుకోమంటున్నారు, ఆపరేషనంటారేమోనని భయంగా ఉంది. పద్యాలు చదివే గొంతు కదా, మీరేమంటారు?" అని అడిగినాడు. నేను నవ్వి ఆ సామెత చెప్పినాను. ఉప్పునీళ్లు పుక్కిలించమన్నాను. పండితుడి మాట మీద గౌరవంతో ఆయన వెళ్లిపోయినాడు. ఆపరేషనూ లేదు, వైద్యుడూ లేడు, మందూ లేదు.

ఏడాది తిరగకముందే ఆ పిల్లకు మోకాళ్లు వాచినాయి. ఒక కీలు తగ్గితే మరొక కీలు. విజయవాడ తీసుకువెళితే, గుండె కవాటం దెబ్బతిన్నదని చెప్పినారు. నాకు తరువాత తెలిసినది ఇది. స్ట్రెప్టోకాకస్ వల్ల గొంతు వాచినప్పుడు దానిని ఎదిరించడానికి శరీరం తయారుచేసే ఆయుధాలు కొందరు పిల్లలలో పొరపాటున సొంత గుండె మీదికే తిరుగుతాయి. అదే రుమాటిక్ జ్వరం. గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల లోపల పెనిసిలిన్ పడితే దానిని ఆపవచ్చు. గొంతునొప్పులలో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే, వాటికి ఈ మందు పనిలేదు. ఏది ఏదో తేల్చవలసినవాడు వైద్యుడు. ఆ వైద్యుడి దగ్గరకు పోనీయకుండా అడ్డుపడినది నా సామెత.

ఆ అమ్మాయి ఏళ్ల తరబడి మూడు వారాలకొక పెనిసిలిన్ సూది వేయించుకొన్నది. తరువాత కవాటానికి శస్త్రచికిత్స జరిగింది. చాలాకాలానికి గుడివాడ బస్టాండులో కనబడి, "మాస్టారూ, మీరు చెప్పిన పద్యాలన్నీ ఇంకా నోటికి వస్తాయి" అన్నది. సామెత సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తే ధైర్యం నాకూ లేకపోయింది.

ఆ పిల్లకు టాన్సిళ్లు తీయవలసి ఉండెనా లేదా అన్నది నేను చెప్పగలిగినది కాదు. కాని లెక్క నా చేతిలోనే ఉండినది. హాజరుపట్టీలో ఆమె పేరుకెదురుగా గైర్హాజరు గుర్తులు పెట్టినది నేనే. ఎన్నిసార్లు, ఎన్నెన్ని రోజులు అన్నది తేదీలతో సహా అందులో ఉన్నది. పిట్స్‌బర్గ్‌లో ఏళ్ల తరబడి వ్రాసిన లెక్క వంటిదే నా బల్ల మీద రోజూ ఉండినది. దానిని తీసి తండ్రి చేతికిచ్చి "ఇది వైద్యుడికి చూపండి" అనవలసినవాణ్ణి, సామెత చెప్పి పంపినాను. సామెతలో తప్పు లేదు. అతిచికిత్సకు అది మంచి హెచ్చరిక. న్యూయార్కు వైద్యులకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. దానిని నేను అచికిత్సకు సాకుగా వాడుకొన్నాను. ఎక్కువ కోయరాదన్న సగం మాటను పట్టుకొని, తక్కువా కూడదన్న రెండో సగాన్ని వదిలివేసినాను.

రెండు రోజులైన తరువాత అమ్మాయిని పిలిచి, తెచ్చిన కాగితాలు వరుసన పెట్టించినాను. ఇద్దరం కలిసి పంచాంగం వెనుక అట్ట మీద తేదీలు వేసినాము. నిరుడు నాలుగుసార్లు, అంతకు ముందటి ఏడు మూడుసార్లు. "ఈ అట్ట డాక్టరుగారికి చూపించు. రోబో సంగతి తరువాత, ముందు లెక్క. ఈసారి గొంతు వాచిన రోజునే పరీక్ష చేయించు, మందు ఇస్తే చెప్పినన్ని రోజులూ వేయి, జ్వరం తగ్గిందని మధ్యలో మానవద్దు" అని చెప్పినాను. వారం తరువాత ఫోను చేసింది. ఇప్పుడు ఆపరేషను అవసరం లేదని, ఏడాది పాటు ఇలాగే వ్రాస్తూ రమ్మని డాక్టరుగారు అన్నారట. ఆ అట్టను ఫైలులో పెట్టుకొన్నారట.

మనుమడు ఫోను లాక్కొని, "తాతా, రోబో రాదా మరి?" అని నిరాశగా అడిగినాడు.

"నీకు అక్కరలేదురా, అక్కరైనవాళ్ల దగ్గరకు పోయింది" అన్నాను.